పద్నాలుగు గంటలు

సియోల్‌లో కింబాప్ అనే అన్నం చుట్టలు అమ్మే ఆ ఇరుకు కొట్టులో మధ్యాహ్నం రద్దీ అప్పుడే తగ్గింది. కొత్త ఏడాది నుంచి కనీస వేతనం పెరుగుతుందని టీవీలో చెప్పగానే, ఉడికించిన పాలకూర పిండుతున్న వంటామె మొహం విప్పారింది. యజమానురాలు టీవీ కట్టేసింది.

"పెరగొద్దా మరి మేడమ్? క్యాబేజీ పెరిగింది, నా గది అద్దె పెరిగింది."

"పెరగాలి పిన్నీ, కాదన్నదెవరు? నా కొట్టు అద్దె మాత్రం ఆగిందా? జనవరి నుంచి నువ్వు వారానికి పద్నాలుగు గంటలే రా."

"ఇప్పుడు ఇరవై ఎనిమిది చేస్తున్నాగా!"

"వారానికి పదిహేను గంటలు నిండితే చట్టప్రకారం వారంలో ఒక సెలవు రోజుకీ జీతమివ్వాలి. ఇంక నావల్ల కాదు."

పాలకూర ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"సగం పనితో నేనెట్లా బతకను?"

"ఎదుటి సూప్ కొట్టులో నీ గురించి చెప్పాను. మిగతా పద్నాలుగూ అక్కడ చేసుకో."

"అక్కడ ఓక్‌బున్ వంట చేస్తోందిగా, పదేళ్ళ నుంచీ! దాని పొట్ట కొట్టి నేను తినాలా?"

"ఎవరి పొట్టా కొట్టక్కర్లేదు. తననీ వారానికి పద్నాలుగు గంటలే రమ్మన్నారు."

"మరి మిగతా గంటలకి అదెక్కడికి పోతుంది?"

యజమానురాలు కొత్త ఏప్రన్ ఒకటి తీసి, ఆమె పాత ఏప్రన్ వేలాడే కొక్కేనికే తగిలించింది.

"ఇక్కడికే."