కోట పాతర మీద నల్లబండ

కోట బురుజు పక్కన చింతచెట్టు కింద నల్లబండ ఉంది చూడండి, దాని మీద మేకైనా కాలు పెట్టదు. ఎందుకంటారు? దాని కింద పాతర ఉంది. పాతరంటే జొన్నలు దాచే గొయ్యి, మనిషి దిగితే తలైనా కనపడదు. మూటల్లో తెచ్చుకుని తినే మీకేం తెలుసులే.

ఆ కోట కట్టించింది ఒక పాలెగాడు. కరువొచ్చి ఊరంతా ఆకులూ అలములూ తింటుంటే ఆయన జొన్నలన్నీ పాతరలో పోయించి, లోపల సర్దుతున్న కూలోడు ఓబన్న పైకొస్తే ఊరికి చెప్పేస్తాడని, మనిషి లోపలుండగానే బండ వేయించేశాడు. ఓబన్న పెళ్లాం సుంకమ్మ వచ్చి అడిగితే, నీ మొగుడు జొన్నలెత్తుకుని పారిపోయాడు పొమ్మన్నారంట. వాళ్ల నోళ్లు పడిపోను! ఆ తల్లి కోట వాకిట్లోనే ఆకలితో పోయింది.

ఆ వంశం నిలుస్తుందా? నిలవలేదు. తర్వాత ఒక షావుకారు కోట కొని, లంకెబిందెలున్నాయని బండ తీయించాడు. మూసిన పాతర తెరిస్తే ముందు దీపం దించాలి, చెడుగాలి ఉంటే ఆరిపోతుంది, వెలిగితే మనిషి దిగొచ్చు, అదీ మనవాళ్ల పద్ధతి. మరి అన్నేళ్ల గోతిలో దీపం ఆరాలా వద్దా? ఆరలేదు, ఎవరో చేతులడ్డం పెట్టినట్టు నిటారుగా వెలిగిందంట. సరేనని జీతగాడు దిగాడు, కాసేపటికి తాడు లాగితే ఇద్దరి బరువు తగిలింది. పైనోళ్లు హడలిపోయి తాడొదిలేసి బండ మూసేశారు. షావుకారు కోట అమ్ముకుని పోయాడు.

కొన్నది మన మద్దయ్య. పాతర బాగుచేసి ధాన్యం పోస్తానన్నాడు. కూలోళ్లు మేం దిగం పొమ్మంటే తనే దిగాడు. ఆయన భార్య ఈరమ్మ, కడుపుతో ఉన్నాను వద్దయ్యా అని కాళ్లు పట్టుకుంటే, దీపం వెలుగుతోంది కదే, భయమెందుకన్నాడంట. మళ్లీ తాడు బరువెక్కింది. లాగండ్రా, నేను మద్దయ్యనని కింద నుంచి రెండు గొంతులు! ఇద్దర్నీ లాగండి, ఎవడొచ్చినా నేను చూసుకుంటానని ఈరమ్మ మొత్తుకుంది. ఎవడు వింటాడు? బండ వేసేశారు. ఆమె దాని మీద పడి చెవి ఆనించి వింది. కింద నుంచి తట్టే చప్పుడు పొద్దుగూకేసరికి ఆగిపోయిందంట.

ఇప్పుడెవరో పట్నమోళ్లు కోట కొన్నారంట, కూలికి మిమ్మల్నే పిలుస్తారు. వెళ్లకండి. కిందున్నోడికి భయపడి కాదు, వాడు పాపం పైకి లాగమనే కదా అడుగుతున్నాడు. ప్రతిసారీ బండ మూసింది బతికున్నోళ్లే. ఆ బండ మోసినోళ్ల పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు, ఇక్కడే కూర్చుని కథ వింటున్నారు. రేపు మీ తాడు పట్టుకునేదీ వాళ్లే.