దశరథం దిద్దిన ఒక్క లైను

మెట్‌పల్లి పాత బస్టాండు కాడ గంగయ్య హోటలుకు వచ్చేటోళ్లకు ఒకటి తెలుసు. పర్శరాములు నోరు తెరిచిండంటే చేతిల చాయ్ చల్లారుడే. ఆనాడు ఆయన ఎదురుంగ కరుణాకర్‌రావు కూసున్నడు. రావు తన దుకాణం మీది గదిల కంప్యూటర్ల బడి పెడుతున్నడు, నేర్పేటోడు కావాలె. అందుకే మరమగ్గం ఆపేసి, కరీంనగర్‌ల చదువుకుంటున్న కొడుకు దశరథాన్ని పిలిపించి పక్కన కూసోబెట్టుకున్నడు పర్శరాములు.

"ఎక్కువ చెప్పకు బాపు," అని వచ్చేటప్పుడే తొవ్వ పొంటి బతిమిలాడిండు దశరథం. తను చేసిన పని నిలవలేదని హోటల్ల ఉన్నోళ్లల్ల అతనొక్కడికే ఎరుక.

"ఎక్కువ చెప్పను దొరా, ఉన్నదే చెప్త," అని పర్శరాములు రావుతోని మొదలువెట్టిండు. " కంప్యూటరు లోపట దాన్ని నడిపే రాత ఒకటుంటది. అసోంటి రాతలల్ల మిగిలినయి అమ్ముకునేటియి, మావోడు పట్టుకున్న గిదొక్కటి ధర్మానికి. ఎవలన్న ఇప్పి చూడొచ్చు, తప్పుంటె దిద్ది పంపొచ్చు. దేశదేశాలోళ్లు తలా ఇంత దిద్దుకుంట వస్తుండ్రు. మావోడు సుత దిద్దిండు. ఒక్క లైను."

అంతవరకు నిజమే. రావు తల ఊపిండు. బాపు ఇక్కడ ఆగితే బాగుండనుకున్నడు దశరథం.

"ఏం తప్పది?" అని రావు అడిగిండు.

"ఫ్లాపీ అని అరచెయ్యంత పలక ఉంటది దొరా. దాన్ని నడుమల గుంజితె మిషను బిర్ర బిగుస్తుండె. బగ్ అంటరు, మన భాషల పురుగు. గా పురుగును పట్టలేక అమెరికోళ్లు అన్నం బందువెట్టిండ్రు, జర్మనోళ్లు దుర్భిణీలు పెట్టి దేవులాడిండ్రు. మావోడు గిట్ల ఒక చేతిల చాయ్ పట్టుకొని ఇంకో చేతితోని టక్కున ఒత్తిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చాయ్ ఒలికిందా బావా?" అన్నడు బాలమల్లు. పర్శరాములు పక్క మగ్గం అతనిదే, వరసకు బామ్మర్ది.

"నీ అసోంటోడైతే ఒలుకుతుండె. మా వాడకట్టు ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. ఆ దిద్దేటోళ్లందరికి పెద్దమనిషి చేసిండు, నేనే ఎత్తిన. 'పర్శరాములుగారూ, మీ కొడుకును జర మాకిస్తరా' అన్నడు. తెలుగులనే. మనకోసం నేర్చుకున్నడట."

"ఒక్క లైనుకేనా?"

"ఒక్కటే గని బరువైంది. దాన్ని ఎక్కియ్యాలంటె దునియల మిషన్లన్ని ఆపాలె. ఆపిండ్రు. రైళ్లు ఎక్కడియక్కడ నిలవడ్డయి. బొంబాయి పోయే ఇమానం కోరుట్ల మీద ఆగింది, గాలిల, గద్ద నిలవడ్డట్టు. పోచంపాడు డ్యాం గేట్ల కాడ నీళ్లు సుత దుంకుడు ఆపి చూసినయి. మావోడు 'ఊ' అన్నంకనే అన్ని కదిలినయి."

హోటలంత నవ్వింది. దశరథం గిలాస అడుగున మిగిలిన చాపత్తా చూసుకుంట కూసున్నడు. చెవులు కాలుతున్నయి. బాపు మీద కోపం కాదది. ఈ కోతలకు మొదటి ముక్క ఇంట్ల తనే ఇచ్చిండు.

"మర్యాద తెలిసినోళ్లు దొరా," అన్నడు పర్శరాములు. "తీసుకొని ఊకోలే. వాపస్ సుత పంపిండ్రు."

"ఏం పంపిండ్రు?"

"వాపస్. మావోడే చెప్పిండు. పెండ్లిల మనం బట్టలు పెడితె వాళ్లు మళ్ల మనకు పెట్టరా, గట్ల."

బాలమల్లు గిలాస కింద పెట్టిండు. "మొన్న బట్ట కొనే సేటు నేత తప్పిందని నీ తాను వాపస్ పంపిండు గద బావా. అది సుత మర్యాదకేనా?"

పొయ్యి కాడ గంగయ్య సుత నవ్వు ఆపుకోలేకపోయిండు. పర్శరాములు తనూ సగం నవ్వి, కొడుకు దిక్కు తిరిగిండు. "చెప్పురా, వీనికి."

వాపస్ అయిందని దశరథం ఇంట్ల చెప్పిననాడు బాపు ముఖం వెలిగింది. ఏమనుకున్నడో అర్థమయ్యి సుత, అట్ల కాదని చెప్పలేదు.

"నీ లైనే వాపస్ వచ్చిందా బాబూ?" అని రావు మెల్లగ అడిగిండు.

"నా లైనే సార్. దానితోని మిషను బిగుసుడు పోయింది గని, వేరేటోళ్ల మిషన్లల్ల ఫ్లాపీ చదువుడే బందయింది. నా మిషన్ల నడిచింది, వేరేటియి చూసుకోలే. వాళ్లు దాన్ని తీసేసి పాతదే పెట్టిండ్రు."

"సరే. కబురు చేస్త," అని రావు స్కూటరెక్కి పోయిండు. కబురు రాదని ఆ గొంతుల్నే తెలిసింది.

"నేను ఊకె అన్న బావా," అని బాలమల్లు గొణిగిండు. ఎవరూ నవ్వలేదు.

పర్శరాములు కొడుకు దిక్కు వంగి, పక్కోళ్లకు వినవడకుండ అడిగిండు. "తిట్టిండ్రా నిన్ను?"

"లే బాపు. ఎక్కడ తప్పిందో రాసిండ్రు. మళ్ల దిద్ది పంపుమన్నరు. థాంక్స్ సుత చెప్పిండ్రు."

"నిజంగనా?"

"నిజంగనే."

అందరు ఇటే చూస్తుండ్రు. గట్టిగ చెప్పుకోవాలంటే నిజంగ జరిగింది అదొక్కటే. బాపు ఆ మాట అందరికి చెప్తడేమోనని దశరథం ఎదురుచూసిండు, చెప్తే బాగుండనుకున్నడు సుత.

పర్శరాములు తువ్వాల దులిపి భుజం మీదేసుకున్నడు.

"పోదాం పా," అన్నడు.