బల్లమీద సంచీ

బీమా ఆఫీసు, మూడో కిటికీ. అద్దానికి ఇవతల మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకున్న బామ్మ, అవతల కాగితాలు రాసే అమ్మాయి. గడియారంలో నాలుగున్నర.

"అట్లా కాదు బామ్మగారూ, మళ్ళీ మొదటినుంచి చెప్తాను."

"మూడుసార్లు చెప్పావు తల్లీ. నాలుగోసారంటే నీ నోరే నొప్పి."

"హాస్పిటల్లో పడుకుంటే వాళ్ళిచ్చేది రెండు పథకాల్లోనూ ఒకటే. తేడా అంతా మందుల దగ్గరే. మొదటిదాంట్లో నెలనెలా మీరు కట్టేది తక్కువ. మూణ్ణెల్లకోసారి మాత్రలు ఇంటికే పంపిస్తారు. అర్థమైందా?"

"అయింది."

"రెండోదాంట్లో కట్టేది ఎక్కువ. పైగా ఏడాది మొదట్లో మందుల ఖర్చు కొంత మీరే పెట్టుకోవాలి, ఆ తర్వాతే వాళ్ళివ్వడం. నెలనెలా షాపుకి మీరే వెళ్ళాలి, టోకెన్ తీసుకుని కూర్చోవాలి."

"అదే రాయి. రెండోది."

"బామ్మగారూ!"

"కట్టేది నేనైతే నీకెందుకే గుండెదడ? నా గుండెమాత్ర ఒకటిస్తాను, వేసుకో."

"ముందా డబ్బా తియ్యండి. మీ మందులు వాళ్ళ జాబితాలో ఉన్నాయో లేవో చూడాలి. లేనిదానికి పైసా ఇవ్వరు."

"ఇదిగో, ఈ తెల్లది పరగడుపున. ఈ గులాబీది భోంచేశాక. ఈ పసుపుది మోకాళ్ళకి. మింగబోతే గొంతులో అడ్డంగా కూర్చుంటుంది, అచ్చం మా తోడికోడలే."

"ఆగండాగండి. ఈ పసుపుది రెండోదాని జాబితాలో లేదు! మొదటిదాంట్లో ఉంది. చూశారా?"

"లేకపోతే మానేస్తాను."

"మానేస్తే షాపుదాకా ఎలా నడుస్తారు?"

"నడుస్తాను. లేకపోతే దొర్లుకుంటూ పోతాను. నువ్వు రాయి."

"ఏముంది బామ్మగారూ ఆ షాపులో? మొన్న ఒకావిడ కూడా ఇంతే. ఒక్క మాత్రా వాడదు. అయినా వంతెన పక్క షాపున్న పథకమే కావాలని ఇదే కుర్చీలో గంటసేపు కదలకుండా కూర్చుంది."

"మందులే వాడనిదానికి మందుల షాపెందుకు? మతిగానీ పోయిందా?"

"మీకు మాత్రం ఎందుకు, ఇంటికొస్తాయంటుంటే? కొంపదీసి ఆ షాపాయన అందగాడా?"

"ఛీ, నోర్ముయ్! డెబ్భై ఏళ్ళవాడు. చెవుల్లో వెంట్రుకలు చూస్తే దువ్వెన ఇవ్వాలనిపిస్తుంది."

"మరింకేం? బామ్మగారూ, ఇవాళే ఆఖరు. ఐదింటికి కిటికీ మూసేస్తాను. మీరు ఏదీ ఎంచుకోకపోతే ఇంటికి పంపేదాంట్లో పడేస్తారు. ఇక ఏడాదిదాకా మార్చడానికుండదు."

"అందుకేగా పడుతూ లేస్తూ వచ్చాను!"

"ఎక్కువ కట్టేది కోరుకుంటే కారణం రాయాలి. ఇదిగో, ఇక్కడ గడి. ఏమని రాయను?"

"కారణం... గాలి మార్పుకని రాయి."

"గాలి మార్పుకి మందుల షాపా?"

"మా అక్క వస్తుందే అక్కడికి."

"అక్కా?"

"సొంత అక్కే. ప్రతినెలా నాలుగో తారీఖు, పదిన్నరకి. పదకొండేళ్ళుగా మాకు మాటల్లేవు. నా కూతురి పెళ్ళిలో, అంతమంది ముందు, పెళ్ళికొడుక్కి మెల్లకన్ను అంది."

"ఉందా మరి?"

"ఉంది. ఉంటే మాత్రం అంటారా? నేనూ ఊరుకోలేదనుకో. నీ మొగుడి గురకకి పక్కింటివాళ్ళు ఇల్లు మారిపోయారన్నాను. అంతే, ఆ పోవడం పోవడం, మళ్ళీ నా గడప తొక్కలేదు."

"మీరైనా వెళ్ళొచ్చుగా?"

"నేనెందుకు వెళ్తాను? ముందన్నది అదేగా!"

"షాపులో మాట్లాడుకుంటారా?"

"లేదు. ఒక్కటే బల్ల. ఈ రెండో పథకం కార్డుంటేనే టోకెన్, టోకెనుంటేనే కూర్చోనిస్తాడు. ఆ చివర అది, ఈ చివర నేను. అది క్యాలెండర్ చూస్తుంది, నేను ఫ్యాను చూస్తాను. ఒళ్ళు తగ్గిందా, నడక తేలిగ్గా ఉందా, అన్నీ ఓరకంట కనిపెడతాను."

"మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటుందా?"

"మొహమేనా! నేను వెళ్ళేసరికి బల్లమీద దాని సంచీ పరిచి ఉంటుంది. నన్ను చూడగానే విసురుగా లాక్కుంటుంది, నా గాలి సోకితే మాసిపోతుందన్నట్టు. పోనీలే, దాని పొగరుదేముంది. దాని జబ్బే నా బెంగ."

"ఏం జబ్బు?"

"అదే తెలీదు! నెలనెలా చిన్న పొట్లం కట్టించుకుని పోతుంది. ఏముందో అడగలేను. మందులు ఇంటికొచ్చేస్తే ఏ మొహం పెట్టుకుని ఆ బల్లమీద కూర్చోను? దానికేమైనా అయితే నాకెవరు చెప్తారే? అదేంటి, అలా చూస్తున్నావేం? రాయి, పది నిమిషాలే ఉంది."

"రాస్తున్నాను. ఈ పసుపు మాత్ర, ఇదే మందు ఇంకో కంపెనీది, రెండోదాని జాబితాలో ఉంది. డాక్టరుగారి చేత చీటీ మార్పించుకోండి. మానేయక్కర్లేదు."

"నువ్వు చల్లగా ఉండాలి."

"బామ్మగారూ, మీ అక్కగారిది ఎడంచేతివాటమా?"

"అవును. చిన్నప్పుడు మా అమ్మ ఎంత కొట్టినా మారలేదు. నీకెలా తెలుసు?"

"పేర్లు నేను చెప్పకూడదు. ఆ పొట్లంలో ఉండేవి దగ్గుబిళ్ళలు. మొన్న ఆ కుర్చీలో కూర్చుని నాకూ ఒకటి పెట్టింది."

"దగ్గా? ఎన్నాళ్ళనుంచి? పొడిదగ్గా?"

"దగ్గూ లేదు, ఏ జబ్బూ లేదు. టోకెన్ కోసం ఏదో ఒకటి కొనాలిగా! కారణం గడిలో ఏం రాయను అంటే ఆవిడేమందో తెలుసా? 'ముందెళ్ళి బల్లమీద సంచీ పెట్టకపోతే ఎవరో ఒకరు కూర్చుంటారమ్మా, మా చెల్లెలికి మోకాళ్ళనొప్పులు, నిలబడలేదు' అంది."