ఎడమ చేతి అచ్చు

మొహం అలా కిటికీ వైపు తిప్పేసుకుంటే అన్నం దానంతటదే గొంతులోకి దిగుతుందా అండీ? ఇటు తిరగండి. ఏటుందక్కడ? దుమ్ము. పొద్దున్నే తుడిచాను, అప్పుడే గట్టు మీద వేలితో ఓనమాలు దిద్దుకోవచ్చు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ నల్లదుమ్మే కదా మింగారు. ఇప్పుడు దాన్ని చూసి కడుపు నింపుకుంటారా?

ఊహుఁ అంటే కుదరదు. పక్షవాతం మీ మాట పట్టుకుపోయింది. కుడిచెయ్యి పట్టుకుపోయింది. పంతాన్ని మాత్రం ముట్టుకోలేదు, మహాతల్లి!

ఇవాళ నేను తినిపించను. సరిగ్గానే విన్నారు. చూడండి, రెండు కంచాలు పెట్టాను. మీది మీకు, నాది నాకు. రెండింట్లోనూ అన్నం పొగలు కక్కుతోంది. మీ కంచం పక్కన ఆ నీలం పిడి చెంచా ఉంది. దాన్ని తేలుని చూసినట్టు చూడకండి. కుట్టదు.

ఆఁ, తెలుసు. "మళ్ళీ చెంచాయేనా" అంటున్నారు. మీ కనుబొమలు చదవడం వచ్చేసింది నాకు. ఆ మొదటి చెంచా సంగతి నేను మాత్రం మర్చిపోయానా?

మీతో పాటు ఉక్కు ఫ్యాక్టరీ ఫౌండ్రీలో పోత అచ్చులకి ఇసక తొక్కిన మనిషి వరహాలు. పాపం, కూతురి పెళ్ళి శుభలేఖ పట్టుకుని భీమిలి నుంచి వచ్చాడు. సరిగ్గా ఆ వేళకే మీరు నేను పిడి అతికించి ఇచ్చిన చెంచాని కుడి వేళ్ళ మధ్య ఇరికించుకుని, కింద ఎడం చెయ్యి ఆనించి, వణుకుతూ వణుకుతూ ముద్ద లేపారు. ఆయన ఎంత సంబరపడిపోయాడు! "అప్పలసూరి బావా! అద్గదీ! మా ధనశ్రీ పెళ్ళికి నువ్వు నా పక్కనే కూకోవాలి. మన బేచంతా ఒకటే పంక్తి. నువ్వు రాకపోతే నాను ఇస్తరి ముట్టను, ఏటనుకున్నావో!" అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే పిడి మీ చేతిలో ఉండిపోయింది, చెంచా ఊడి ఒళ్ళో పడింది. లుంగీ నిండా పప్పన్నం. వరహాలు తల తిప్పేసుకుని గోడ మీద కేలండర్లో తిథులు చదువుతున్నట్టు కూర్చున్నాడు. అందులో అంతకుముందు నెల కాగితం చింపనే లేదు, పాత తిథులే చదివాడు.

ఆ రోజు నుంచి మీరు చెంచా ముట్టలేదు. పెళ్ళి మాటెత్తితే కళ్ళు మూసుకుంటారు. నాకర్థం కాదనుకున్నారా? మీ బేచి అందరి ముందూ, పంక్తిలో, పెళ్ళాం చేత నోట్లో ముద్దలు పెట్టించుకోవడం కన్నా వెళ్ళకపోవడమే నయం అనుకున్నారు. అదే కదూ? చూశారా, ఊఁ అన్నారు.

తప్పు మీది కాదండీ. గమ్ముదీ కాదు. నాది. చెబుతాను వినండి. పాఠంలా ఉందా? ఉండనీండి. బడి నన్ను శాలువా కప్పి పంపించేసింది గాని, నాలో ఉన్న బడికి ఇంకా లాంగ్ బెల్లు కొట్టలేదు.

ఈ పాలిమర్ క్లే అనే రంగు మట్టి ఉంది కదా, మన నీలిమ తెచ్చింది. ద్వారకా నగర్లో తన కోచింగ్ సెంటర్ పక్క కొట్లో దొరికిందట, "అత్తయ్యా, మామయ్య పడుకున్నప్పుడు మీకు కాలక్షేపం" అంది. మంచి కోడలే. మామయ్య పడుకున్నప్పుడు అత్తయ్య కూడా పడుకోవచ్చని తట్టలేదు, అంతే. పూరీ పిండిలా పిసికి, అచ్చులో నొక్కి, చిన్న ఓవెన్లో కాలిస్తే గట్టిపడుతుంది. జూకాలు చేశాను, చేమంతులు చేశాను. తెల్లగా మల్లెమొగ్గలు చేద్దామనుకుంటే మన ఉక్కునగరం దుమ్ము పడి అవి మిరియాలయ్యాయి. మీకు చూపించాను కూడా.

ఆ జూకాలకి కాడలు అతికించిన గమ్మే మీ చెంచాకీ వాడాను. ఫెవిక్విక్ చుక్క. అదీ నా తెలివి! జూకా బరువెంత, ముద్ద బరువెంత? ఆ గమ్ము అతుకు గట్టిదే గాని పెళుసు. రోజూ వేడి తగిలి, నీళ్ళు తగిలి, పక్కకి ఒత్తిడి పడితే పుటుక్కుమంటుంది. పోనీ ఫెవికాలా అంటే, అది చెక్కకీ కాగితానికీ చుట్టం గాని నున్నటి స్టీలుని పలకరించదు. స్టీలుకీ కాల్చిన క్లేకీ పొత్తు కుదరాలంటే రెండు ట్యూబుల గమ్ము కావాలి. స్టీలు కాడని గరుకు కాగితంతో గీకి, రెండు ట్యూబులూ సమంగా కలిపి పూసి, మర్నాటి దాకా కదపకుండా వదిలెయ్యాలి. పొత్తు కుదరడానికి టైము పడుతుందండీ. మనకి పట్టలేదూ?

నవ్వకండి. నవ్వితే అన్నం తినాలి.

ఇంక అచ్చు. కొట్లో పువ్వుల అచ్చులున్నాయి, ఆకులవి ఉన్నాయి, ఏనుగు తలకాయలున్నాయి. మొగుడి పిడికిట్లో ఇమిడే పిడికి అచ్చు ఎవరమ్ముతారు? అప్పుడు మీ పాత తాపీ గుర్తొచ్చింది. ఫౌండ్రీలో అచ్చుల ఇసక సర్దిన తాపీ. దాని చెక్క పిడి మీద మీ బొటనవేలు ఆనినచోట చిన్న గుంట పడి ఉంటుంది చూశారూ, అది చాలు నాకు. మళ్ళీ నీలిమ చేతే, రబ్బరులా గట్టిపడే రెండు రంగుల సిలికాన్ పిండి తెప్పించాను. రెండూ కలిపి పిసికి పిడికి కింద సగం, పైన సగం చుట్టేస్తే అచ్చు తయారు. గట్టి ప్లాస్టిక్ అచ్చయితే క్లేని వదలదు, సిలికానయితే వంగుతుంది, వలిచి తీసుకోవచ్చు. ఇదంతా తెలుసు నాకు.

తెలియనిది ఒక్కటే. సిలికాన్‌కి సిలికానే శత్రువు. రెండు సగాల మధ్యా వాజలీన్ రాయకపోతే అవి ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే ముద్దయిపోతాయి. అయ్యాయి. మీ తాపీ లోపల, అచ్చు బయట, మధ్యలో దారి లేదు. కూరల కత్తి పెట్టి కోస్తుంటే మీరు చూస్తున్నారు.

అప్పుడు నవ్వారు మీరు. ఒక పక్కకే వచ్చింది నవ్వు, అయినా వచ్చింది. మంచాన పడ్డాక అదే మొదటిది. నా చేతకానితనం చూసి! సరే, ఎలాగోలా వచ్చింది కదా అనుకున్నాను. అక్కడే నాకొక ఆలోచన తట్టింది. అది తర్వాత చెబుతాను.

డాక్టరుగారు మొదట్నుంచీ ఏటంటున్నారు? "ఆ ఎడం చెయ్యి శుభ్రంగా ఉందండీ, దాంతో తినమనండి" అని. మీరేమో ఎడం చేత్తో అన్నం ముట్టేది లేదని గోడ వైపు తిరిగారు. చిన్నప్పుడు కంచం మీదకి ఎడం చెయ్యి చాపితే మీ అమ్మగారు గరిటెతో ఒక్కటిచ్చేవారట కదా. ఆవిడ పోయి ఎన్నాళ్ళయింది! గరిటె దెబ్బ మాత్రం ఇంకా తగులుతూనే ఉంది మీకు. ఇప్పుడావిడే వచ్చి చూస్తే ఏమంటారో తెలుసా? "ఏ సెయ్యయితే ఏటిరా, తిండి తినీ" అంటారు.

సరే, ఆ తగువు వద్దు. మొన్నటి సంగతి చెబుతున్నాను.

అచ్చు మళ్ళీ చేశాను, ఈసారి మధ్యలో వాజలీన్ రాసి. చక్కగా రెండు డొప్పలు విడివడ్డాయి. ఇంక అందులో క్లే నొక్కాలి, అది అంటుకోకుండా ఊడి రావాలి. మన ఇళ్ళల్లో తలనొప్పి నుంచి తలుపు కిర్రు దాకా ఒకటే మందు కదా, కొబ్బరినూనె. అదే రాశాను. క్లే నూనె తాగేసి, వానలో నానిన బిస్కెట్టయింది. అసలే ఈ ఉక్కపోతకి మనుషులే మెత్తబడిపోతున్నారు. తర్వాత తెలిసింది, సూపులో వేస్తారే, మొక్కజొన్న పిండి, దాన్ని పల్చటి గుడ్డలో మూటకట్టి అచ్చులో పైపైన తట్టాలట. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే గువ్వలా ఊడొస్తుందట.

ఆ మూట కట్టి మీ ముందే బల్ల మీద పెట్టుకున్నాను. పెట్టుకుని, తట్టకుండానే క్లే నొక్కేశాను. ఊడలేదు. లాగాను, చిరిగింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ చిరిగింది. మీరు మంచం పట్టీ మీద దబదబా బాదారు. నేను వినలేదు. "ఊఁ! ఊఁ!" అని మూట వైపు చూపించారు. "ఏటండీ, మంచినీళ్ళా?" అన్నాను.

అబ్బ, ఎంత కోపం! అచ్చు లాక్కున్నారు నా చేతిలోంచి. ఎడం చేత్తో. ఫౌండ్రీలో అచ్చు మీద పొడి మూట తట్టినట్టే తట్టారు, టప్, టప్, టప్, అంచుల దగ్గర ఇంకో రెండు. కొత్త ముద్ద నొక్కారు. ఫ్రిజ్ కూడా అక్కర్లేకపోయింది, అంచు వంచి ఒక్కసారిగా వలిచారు, బయటికొచ్చింది. దాన్ని గట్టిగా పిడికిట పట్టుకుని నా మొహం ముందు ఆడించారు, "ఇలాగే మొద్దూ" అన్నట్టు.

క్లే ఇంకా పచ్చిదండీ. మీ పిడికిలి దాని మీద పడింది. నాలుగు వేళ్ళూ, బొటనవేలూ, అరచేతి గీతలతో సహా. తాపీ గుంట ఒకవైపుంటే, మీ వేలు కొత్త గుంట ఇంకోవైపు పెట్టింది.

మెల్లిగా మీ చేతిలోంచి తీసుకుని, చెంచా కాడ గుచ్చి, అలాగే కాల్చాను. చల్లారాక కాడ పైకి లాగి, గీకి, రెండు ట్యూబుల గమ్ము పూసి మళ్ళీ దించాను. నోట్లోకి వెళ్ళేది స్టీలే, ఆ క్లే తిండికి తగలదు, భయం లేదు. ఇదిగో, ఇదే అది. ఆ గుంటలు చూడండి. కుడి చేత్తో పడితే ఆ పాత గుంట తప్ప ఒక్కటీ కుదరదు.

ఎందుకలా చూస్తారు? మోసమా? బళ్ళో ఏ మాటకీ పలకని మొండి పిల్లలుంటారు. వాళ్ళకోసం బోర్డు మీద లెక్క కావాలనే తప్పు చేసేదాన్ని. తప్పు చూస్తే ఊరుకోలేరు, లేచొచ్చి సుద్దముక్క లాక్కుంటారు. మొన్న పిండి తట్టడం నేను మర్చిపోలేదండీ. కావాలనే తట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఈ పిడి మీ కోసమని అందరికీ చెప్పాను. వరహాలుకి చెప్పాను, నీలిమకి చెప్పాను. కాదు. నా కోసం. మీకు ముద్ద ముద్ద తినిపించి, మూతి తుడిచి, చెయ్యి కడుక్కుని కూర్చునేసరికి నా అన్నం రాయి. రోజూ. మీరు మంచాన పడ్డాక నేను వేడన్నం తినలేదు. ఇది చెప్పుకోడానికి ఎంత సిగ్గుగా ఉంటుందో మీకేం తెలుసు? ఈ వయసులో పొగలొచ్చే అన్నం కోసం ఏడుపొచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

అదీ సంగతి. తింటే తినండి, మానితే మానండి. నేను మాత్రం నెయ్యి వేసుకుంటున్నాను.

...

నేను చూడటం లేదు. నా కంచమే చూసుకుంటున్నాను.

కంచం అంచుకి ఆనించి నింపండి. ఆఁ, అలా. తల వంచకండి, చెంచానే పైకి... సరే, సరే, నోరు మూసుకుంటాను.

పడితే పడనీండి. లుంగీ ఉతుక్కోవచ్చు. ఇంకోసారి.

అదీ.

పిడి ఊడలేదు, చూశారా? ఊడదు. ఇంకో ముద్ద. మెల్లిగా, ఎవరూ తరమట్లేదు. పెళ్ళికి వరహాలుని కారు పంపించమంటాను. చెంచా నా సంచిలో వేసుకుంటాను. ఆయన మీ ఎడంపక్కన కూర్చోకూడదని ముందే చెప్పాలి, మోచెయ్యి తగుల్తుంది.

పప్పు అయిపోయిందా? ఉండండి, వేస్తాను. మీరే తోడుకుంటారా? తోడుకోండి బాబూ, మీ ఇష్టం.

ఏటండీ? ఎందుకలా చెంచాతో నా వైపు చూపిస్తున్నారు? నా కంచమా?

...ఆఁ. ఒక్క మెతుకు ముట్టలేదు కదూ. నెయ్యి వేసిన అన్నం కూడా చల్లారిపోయింది.

పోనీండి, మీరు కానివ్వండి. చల్లన్నం నాకలవాటే.