ఒప్పుకుంటే వదిలేస్తారన్నావు

"నాకు ఒగటే భయమన్నా. పాప నాయన మొగం మరిచిపోయేంత కాలం జైలు ఏస్తారేమోనని."

"అంత ఏమీ ఎయ్యరు. దిగులు పెట్టుకోకుండా సుమ్మనే కూర్చో."

యుద్ధం వచ్చి నూలుకు కరువైన రోజులు. బెంగళూరు కోర్టు మెట్ల మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని నంజమ్మ, పక్కన నిలబడి ఆమె అన్న వెంకటరాయప్ప. యలహంక దారిలో నూలుబండిని అటకాయించి దోచింది నేనేనని ఆమె మొగుడు మునిస్వామి ఆ పొద్దునే ఒప్పుకున్నాడు. శిక్ష ఎంతో మధ్యాహ్నం చెబుతామన్నారు.

"ఒప్పుకుంటే వదిలేస్తారన్నావు గదన్నా."

"కులం కట్ట మీద పంచాయితీలో అంతే గదా? తప్పయిందని కాళ్ల మీద పడితే, తప్పు కట్టించుకోని, ఆకువక్క ఇచ్చి ఇంటికి పంపిస్తారు. మన నాయన కాలం నించీ చూస్తాండాం."

"ఇది కట్ట గాదంట. వకీలు చెప్పినాడు. ఒప్పుకుంటే విచారణ తప్పుతాదంట గానీ శిక్ష తప్పదంట. ఒప్పుకున్నందుకు రవ్వంత తగ్గిస్తారంట. మిగతావన్నీ తూకం ఏస్తారంట."

"ఏం తూకం?"

"ముందెప్పుడన్నా జైలుకు పోయినాడా అని."

"పోలేదు గదా. మంచిదే."

"బండోణ్ని కొట్టిందెవరని. ఆ బండోడు పాపయ్య తలకు కట్టుతో వచ్చి నిలబడినాడు, చూడలేదా నువ్వు?"

"నేను బయట ఉంటిని."

"లోపలికి యాల రాలేదన్నా?"

"ఆ గుంపులో ఊపిరాడదు నాకు."

"కొట్టింది నేనేనని చెప్పుకున్నాడు మా ఆయన. కట్టె పట్టుకున్న చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, నీకూ తెలుసు."

"నెమ్మదిగా, నెమ్మదిగా మాట్లాడు. జవాన్లుండారు."

"నూలు ఏడుండాదని అడిగినాడు జడ్జి దొర. ఈయన తల వంచుకున్నాడు. సొత్తు దొరికితే ఒగ లెక్క, దొరక్కపోతే ఇంకొగ లెక్కంటన్నా."

"నూలు... అదింక పోయిందిలే."

"పోయిందా? తీర్పు వచ్చేలోపల ఆ నూలు షావుకారి అంగడి ముందర దించేస్తానని పాప తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చినావు. ఆ మాట నమ్ముకోనే గదా ఆయన నోరు మూసుకోనుండేది."

"దించేద్దామనే ఉంటి. కాపలా పెట్టినారు, ఎట్లా పోయేది? మట్టిలో పూడ్చి పెడితే చెద పట్టిపోయింది."

"చెద పట్టిందా."

"దేవునాన."

"నిన్న మీ ఇంటికి వచ్చినా. నువ్వు లేవు. వీధిలో ఒగ మగ్గమూ ఆడడం లేదు, నూలు లేక అందురూ కూలికి పోతాండారు. మీ మగ్గం మీద మాత్రం సగం నేసిన చీర ఉండాది. వదిన పాడుకుంటా కండెలు చుడతాండాది."

"అది పాత నూలు."

"మీ అన్న నేసిన కొంగు బాగుండాదా అని అడిగింది. బాగుండాది వదినా అంటిని. ఇంకేమనేది?"

"నంజా, నా మాట విను. నిన్నూ పాపనూ నేను సాకుతా. ఏస్తే రెండేండ్లు, ఎంతసేపు పోతాది? తోడబుట్టినోణ్ని, నమ్ము నన్ను."

"నమ్మినందుకే గదన్నా ఆయన ఆ లోపల ఉండేది."

"చూడు, పిలుస్తాండారు. పో, పో. నేను ఈడనే ఉంటా."

"ఈడ ఉండొద్దన్నా, ఇంటికి పో. వకీలుకు అంతా చెప్పేసినాను. పోలీసోళ్లు ఈపాటికి మీ ఇంట్లో ఉంటారు. ఆ నూలు ఏడనో కొనుక్కోని వచ్చినావనుకోనుండాది వదిన, పిచ్చిది. నిండు నెలల మనిషి, ఒగతే ఉండాది. బెదిరిపోతాదేమో, పోయి చూసుకో."