పంటు దిగని పెళ్లికొడుకు

నరసాపురంలో బయల్దేరిన విహారపు పంటు, రెండు పడవలు జోడించి కట్టినది, గోదారి మధ్య ఇసుకతిన్నె పక్కన ఆగింది. పులుసు ఉడికేలోగా ఈత కొట్టేవాళ్లు దిగొచ్చన్నాడు వంటాయన. పెళ్లై పన్నెండు రోజులైన ఆమె అందరికంటే ముందు దిగి, నడుం లోతు నీళ్లలోంచి మొగుణ్ణి పిలిచింది.

"రండీ! నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి."

"నాకు జలుబు చేసిందోయ్."

"రేవులో రెండు ఐస్‌ఫ్రూట్లు తిన్నప్పుడు లేదే?"

అతను పులుసు గిన్నె వైపు చూశాడు.

"పెళ్లిచూపుల్లో నేనడిగింది ఒక్కటే. ఈత వచ్చా అని."

"వచ్చన్నాను."

"వచ్చా?"

"రాదు."

పంటు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. అడిగిన ఒక్కదానికీ అబద్ధమే అయితే, అడగనివాటి మాటేంటి?

"ఎందుకు చెప్పారలా?"

"రాదంటే వద్దంటావేమోనని. అప్పటికే మూడు సంబంధాలు వద్దన్నావటగా."

"ఇంకేం అబద్ధాలున్నాయి?"

"మీ అమ్మగారి కాకరకాయ పులుసు బాగుందన్నాను."

"అది మా నాన్నగారూ ముప్పై ఏళ్లుగా అంటున్నారు. ఈత రాదన్న మాటైనా మెల్లగా చెప్పొచ్చుగా, అందరూ విన్నారు."

"వింటే విన్నార్లే. నువ్వు మళ్లీ అడిగావు. రెండోసారి అబద్ధం చెప్పలేకపోయాను."

ఆమె పంటు మీద వంట దగ్గరున్న బిందె వైపు చెయ్యి చూపించింది.

"ఆ ఖాళీ ప్లాస్టిక్ బిందె బోర్లించి పట్టుకుని దిగండి. మా తాతయ్య నాకలాగే నేర్పారు."

"బిందె ఎప్పుడు వదలాలి?"

"మీరు వదలక్కర్లేదు. మీకు చెప్పకుండా నేనే లాగేస్తాను."

"అది మోసం కాదూ?"

"మోసమే. మీదొకటి, నాదొకటి. రండి."

అతను బిందె అందుకున్నాడు.