కాటా పక్కన స్టూలు

డోన్ మార్కెట్ దారిలో కేశవయ్య వేరుశనగ అంగడి. మధ్యాహ్నం. మూటలు దించిన రైతులు వెళ్లిపోయారు. లోపల మిగిలింది కేశవయ్య, ఇరవై రెండేళ్లుగా అతని దగ్గర కాటా వేసే లేవి.

"నేనడిగేది తూకం సంగతి కాదప్పా. ఆ స్టూలు మీద నీ క్యారియర్ ఏంటికి పెట్టినావని అడుగుతాండా."

"యాడో ఒకచోట పెట్టల్ల కదా శెట్టీ."

"ఇరవై రెండేండ్లు నేల మీద పెట్టినావు."

"నేల మీద చీమలు పడతాండాయి."

"చీమలు ఈ పొద్దే పుట్టినాయా లేవీ? నువ్వు మళ్ళా పనిలోకొచ్చి పది దినాలాయె, చూస్తానే ఉండా. మొదట తువ్వాల వేసినావు. తర్వాత నీళ్ళ బాటిలు. ఈ పొద్దు క్యారియర్. రేపు ఏం పెడతావు, చెప్పులా?"

"నీకేం అడ్డమొచ్చింది? కూర్చోవల్లంటే చెప్పు, తీస్తా. మోకాళ్ళకు మాత్రలు మింగుతాండావు, పొద్దున్నుంచి నిలబడే ఉండావు. కూర్చో."

"నాకొద్దు. నిలబడే ఉంటా."

"కూర్చో శెట్టీ. ఇంక ఆడ ఎవురూ కూర్చునేది లేదు."

"నా మోకాళ్ళ మాట వదిలెయ్. ఈరప్ప మూటల మాట చెప్పు."

"ఇందాక తూకం సంగతి కాదంటివి."

"ఇప్పుడు తూకం సంగతే. మూడో మూట. కాటా మీదకి ఎక్కించినాక కొసకు చెయ్యి ఆనించి పైకెత్తినావు. రెండు కేజీలు తక్కువ చూపించింది. గల్లా కాడ నుంచి చూసినా."

"చూసినావా."

"నా అంగడి. నేను చూడకపోతే ఎవురు చూస్తారు?"

"నేనూ అదే అనుకుంటి. ఎవురు చూస్తారులే అని."

"ఇరవై రెండేండ్లలో నువ్వు నాకు చేసిపెట్టిన మొదటి లాభం అది. రెండు కేజీల శెనక్కాయలు. దండం పెట్టమంటావా?"

"ఈరప్పకు నేను ఫోన్ చేసి చెప్తాలే, తప్పయిందని."

"నేను చెప్పేసినా. కాటా ఆడింది, రెండు కేజీలు కలుపుకుంటాండానని. 'లేవి వేసిన కాటా ఆడేదేంది శెట్టీ' అని నగినాడు. నువ్వే ఎత్తినావంటే నమ్మడు. దేవుడు దిగొచ్చి చెప్పినా నమ్మడు."

"దేవుని మాట ఎత్తొద్దు."

"సరే, ఎత్తను. ఎందుకు చేసినావో అదన్నా చెప్పు."

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"చెయ్యి ఆగుతాదేమో చూద్దామని. నీకు తెలీదు శెట్టీ. పనికొచ్చిన కొత్తలో ఒకతూరి ఇట్లనే చెయ్యి మూట కిందికి పోయింది. గుండె దడదడమనింది. పక్కన పెద్దమనిషి కూర్చోనుంటే బీడీ దాచుకోమా, అట్ల. ఆయన తిట్టడు, కొట్టడు. ఊరికే ఉంటాడు. ఆ ఉండేదే చాలు. పొద్దున పండ్లు తోముకునేటప్పుడు ఉంటాడు. సైకిలు తొక్కేటప్పుడు ఉంటాడు. నువ్వు నన్ను తిట్టేటప్పుడూ ఉంటాడు."

"నేను తిట్టింది కూడా ఆయనకు చెప్తాండావా?"

"చెప్పేదేముంది, ఆడనే ఉంటాడు కదా. ఉంటాడు కాదు. ఉండె."

"ఈ పొద్దు ఏమాయె?"

"ఈ పొద్దు చెయ్యి పోయింది. ఎత్తింది. దించింది. దడ లేదు, ఏమీ లేదు. ఎండిపోయిన బోరుకు మోటారు వేసినట్ల. చప్పుడొస్తాంది, నీళ్ళు రావు."

"నేను పట్టుకుంటి కదా."

"నువ్వు పట్టుకునేది, ఆయన పట్టుకునేది ఒకటేనా?"

"ఒకటెట్ల అవుతాది. నేనైతే జీతమిస్తా."

"నగవద్దు శెట్టీ."

"నగలేదప్పా. నగు వస్తే కదా. నువ్వు ఈ స్టూలు తెచ్చిపెట్టిన దినం నగింటి. ఎవురికప్పా అంటే మా అయ్యకు అంటివి. మీ నాయన వస్తాడేమో అనుకొని రెండు టీలు చెప్తి. కాదు, యేసయ్యకు అంటివి. సరే, ఆయన టీ నేను తాగితి."

"వద్దనింటే పోయేది."

"ఏంటికి వద్దంటా? పిచ్చోన్నా? నెల తిరిగేసరికి పల్లెల్లో 'యేసయ్య స్టూలంగడి' అనబట్టిరి. బోర్డు మీద పేరు నాది, జనం నోట్లో పేరు ఆయనది. పక్క అంగళ్ళలో కొత్త కాటాలు, కంప్యూటర్లు. అయినా మూటలు ఈడికే వస్తాండె. మహానందికి పోయొచ్చిన ముసలామె ఆ స్టూలు మీద ప్రసాదం లడ్డు పెట్టిపోయింది, మరిచిపోయినావా?"

"లడ్డు నువ్వే తింటివి."

"ఆయన తినలేదు కదా."

"ఆయన్ని అడిగి తినమని మా అంజలి నిన్ను గద్దించింది."

"అడిగినా. నిజంగానే అడిగినా. ఆరేండ్ల పిల్ల నడుం మీద చేతులు పెట్టుకొని ముందర నిలబడితే అడగక ఏం చేస్తా."

"ఇంకోతూరి నువ్వు మరుపున ఆ స్టూలు మీద కూర్చుంటే..."

"ఆ మాట వద్దులే."

"ఏంటికి వద్దు? బడి నుంచి వచ్చి, సంచి ఆడ పారేసి, 'మామా, లెయ్యి, ఆయన నిలబడుకోనుండాడు' అనింది. నువ్వు పంచె దులుపుకుంటా లేస్తివి. అంగడంతా ఒకటే నగు."

"వద్దంటి కదా లేవీ!"

"ఏంటికి అరుస్తావు?"

"అరవలేదు. నువ్వు అన్నం తిను. పప్పు చల్లారిపోతాది."

"చల్లారేదేముంది, పొద్దున వండుకున్నదే. ఒక్కనికి ఎంత వండల్లో ఇంకా తెలిసి రాలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు పిల్ల ఉండె, ఇద్దరికి వండితి. ఇప్పుడూ ఇద్దరికే వండతాండా. మిగిలింది కుక్కకేస్తాండా."

"తినప్పా."

"నాకు ఆకలి కాలేదు. శెట్టీ, నేనొకటి చెప్పల్ల. ఈ నెలాఖరుకు మానుకుంటా. సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మెన్ పని ఉండాదని మా తమ్ముడు చెప్తాండాడు."

"గేటు కాడ నిలబడేదానికి పోతావా?"

"ఆడ కాటా లేదు. నా మాట మీద మూట దించే మనిషి లేడు. ఈడైతే రైతు నన్ను చూసి కాదు, ఆ స్టూలు చూసి దించుతాండాడు. ఉత్త స్టూలు చూపిచ్చి నేను వాళ్ళను మోసం చేసినట్ల కాదా? నేను పోయినాక దాన్ని పొయ్యిలో పెట్టుకో."

"ఉత్త స్టూలని నీకెట్ల తెలుసు?"

"లెక్క వేసినా. నువ్వే కదా అంటావు, కండ్ల ముందర ఉండేదాన్ని లెక్క వేసుకోవల్లని. పిల్ల పోయిన దినం పదకొండు గంటలకు నేను యాడుంటి? ఈడ, కాటా కాడ. లారీ వస్తాండాది, నువ్వు లేకపోతే రైతులు మూట దించరు, ఒక్క పూట వచ్చిపో, పాప కాడ నేను కూర్చుంటా అంటివి. నిన్ను తప్పు పట్టలేదు. డెంగీ జొరం దిగింది, భయం లేదనుకొని నేనే వస్తి. ఈడ కాటా వేసుకుంటా, ఆయన నా పక్కనే ఉండాడనుకుంటి. నా పక్కన ఉంటే కర్నూలు ఆస్పత్రిలో పిల్ల పక్కన లేడు. పిల్ల పక్కన ఉన్నింటే పిల్ల పోయేది కాదు. ఎట్ల లెక్కేసినా ఒక పక్క ఖాళీ వస్తాండాది. ఇప్పుడు రెండు పక్కలా ఖాళీనే అని తెలిసింది."

"మీ పాస్టరు ఏమన్నాడు?"

"ఆయన అంతటా ఉంటాడన్నాడు. అంతటా ఉండేవాడు ఆ మంచం కాడ ఉండేదానికి ఏమొచ్చె?"

"అడగల్సింది."

"అడిగితి. ప్రార్థన చేసుకో అన్నాడు. ఎవురితో చేసుకునేది? మునుపు ప్రార్థన అంటే పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్లుండె. ఈ పొద్దు ఎండ ఎక్కువుండాది కదయ్యా అని కూడా చెప్తాంటి. ఇప్పుడు నోరు తెరిస్తే నా మాట నాకే వినపడతాండాది."

"లేవీ..."

"ఒకటి చెప్పు శెట్టీ. పోయేముందర పిల్ల ఏమన్నా అనిందా?"

"ఎన్నిసార్లు చెప్పల్ల? నిద్రపోయింది. నిద్రలోనే."

"నువ్వు మంచం పక్కన కూర్చోనుంటివి."

"కూర్చోనుంటి."

"చెయ్యి పట్టుకుంటివా?"

"ఏంటికిప్పుడు అదంతా?"

"పట్టుకుంటివా శెట్టీ? పరాయి ఆడపిల్ల అని పట్టుకోలేదా? పట్టుకోకపోయినా నేనేమీ అనను. ఆమెకు చిన్నప్పటి నుంచి చెయ్యి పట్టుకుంటేనే నిద్ర."

"నేను అప్పుడు... బయటుంటి."

"కూర్చోనుంటినంటివి!"

"ముందర కూర్చోనుంటి. తర్వాత ఫోనొచ్చింది. లారీ డ్రైవరు."

"ఎంతసేపు?"

"శానాసేపు లేదు."

"అంటే ఎవురూ లేరు."

"లేవీ, ఇట్ల చూడు."

"ఎవురూ లేరు. నేను లేను, నువ్వు లేవు. పిల్ల కండ్లు తెరిచి చూసింటే గోడ కనపడింటాది. ముప్పై రెండు దినాల నుంచి 'నిద్రలో పోయింది, పక్కనే ఉంటి' అంటాండావు కదా శెట్టీ. ఆ ఒక్క మాట మీద నేను ఇంత అన్నం తింటాంటి."

"విను. అంతా విను. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీకి పో, యాడికన్నా పో. నన్ను తిట్టు, కొట్టు. ముందర విను."

"చెప్పు."

"ఫోన్ రాకముందు కండ్లు తెరిచింది. నా దిక్కు చూసి, 'మామా, కొంచెం లేస్తావా, ఆయన నిలబడుకోనుండాడు' అనింది."

"ఏమనింది?"

"అదే మాట. ఆరేండ్లప్పుడు అన్న మాటే. గొంతు కూడా అట్లనే ఉండాది."

"నువ్వు లేస్తివా?"

"ఆ నీళ్ళిట్లియ్యి లేవీ."

"లేస్తివా శెట్టీ?"

"లేయలేదు. ఆ మంచం కాడ ఒకటే స్టూలుండాది. పొద్దున్నుంచి తిరిగి తిరిగి మోకాళ్ళు పట్టుకున్యాయి. జొరంలో ఏందో అంటాండాదనుకుంటి. 'ఎవురూ లేరు పాపా, పండుకో' అంటి. నేను. నా నోటితో. ఎవురూ లేరని."

"పిల్ల ఏమనింది?"

"నగింది. నా తల మీదుగా చూసి నగి, 'పర్వాలేదులే మామా, నిలబడే ఉంటానంటాండాడు' అనింది."

"నిలబడే ఉంటాననా?"

"అంతే. అప్పుడు ఫోనొచ్చింది. లేచి వసారాలోకి పోయినా. ఎన్ని మూటలు, ఎన్ని గోతాలు, ఆ మాటలే. తిరిగొచ్చేసరికి పాపకు ఊపిరి లేదు. చెయ్యి మంచం దాటి స్టూలు మీదుండాది."

"జారింటాది."

"జారిన చెయ్యి నేను చూడలేదా? మా నాయనది చూసినా, మా అమ్మది చూసినా. జారితే బోర్లా పడతాది, వేళ్ళు వదులైపోతాయి. పాపది వెల్లకిలా ఉండాది. సంతలో పిల్లలు పెద్దోళ్ళ వేలు పట్టుకుంటారు చూడు, తప్పిపోతామని, అట్ల ముడుచుకోనుండాయి వేళ్ళు. నర్సమ్మ విప్పి సరిగా పెట్టబోతే, కొంచెం ఆగమ్మా అంటి. ఎందుకంటినో తెలీదు. ఆడ నేను కూర్చున్న చోటే అది."

"ఇన్ని దినాలు ఏంటికి దాచినావు?"

"ఆమె అన్న మాట చెప్పల్లంటే నేను లేయలేదని కూడా చెప్పల్ల కదా. సగం చెప్పేది నాకు చేతకాదు. రోజూ పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు ఈ పొద్దు చెప్తా అనుకుంటా. నీ మొహం చూస్తే నోరు రాదు. ఈ పొద్దు నువ్వు ఈరప్ప మూట ఎత్తినావు చూడు, అప్పుడు భయం పుట్టింది. నువ్వు ఎత్తింది రెండు కేజీల కోసం కాదు. నేను దాచిందే నిన్ను అట్ల చేసిందని తెలిసింది."

"నగిందా పిల్ల? నిజంగా నగిందా?"

"మీ నాగలక్ష్మమ్మ ఉన్నప్పుడు నగేది చూడు, మూతి ఒక పక్కకు పోయి. అట్ల."

"ఆ నగు వాళ్ళమ్మదే."

"ఏడువప్పా. ఏడువు. ఎవురూ రారు ఈ వేళప్పుడు."

"శెట్టీ, నువ్వింకా నిలబడే ఉండావు."

"ఉండనీ."

"పడిపోతావు. ఈ ఎండలో నేను నిన్ను మోసుకోని పోలేను. గల్లా కాడ కుర్చీలో అన్నా కూర్చో."

"ఆ కుర్చీలో కూర్చునేముందరా చూసుకోవల్లప్పా. నువ్వు నగొద్దు. ఆ దినం నుంచి ఇంట్లో గానీ, బస్సులో గానీ, గుళ్ళో గానీ, యాడ కూర్చోబోయినా ఒకతూరి చుట్టూ చూసుకోని కూర్చుంటాండా, ఎవురన్నా నిలబడుకోనుండారేమోనని. మా కూతురు ఉదయశ్రీ అడగనే అడిగింది, ఏం నాయనా పోగొట్టుకున్నావు, వెతుకుతాండావని."

"ఏమని చెప్తివి?"

"ఏం చెప్తా. మాత్రలు వెతుకుతాండానంటి."

"రా శెట్టీ. ఈ స్టూలు మీదనే కూర్చో. క్యారియర్ తీసేస్తాలే."

"తియ్యి. నాకోసం కాదు. ముప్పై రెండు దినాలాయె, ఆయన నిలబడుకోని."